పొద్దున్నే వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే అపరిచితుడు: ఒక ఇంటి వైఫై కేస్ స్టడీ

"మా వైఫై ఎవరో వాడుకుంటున్నారండీ."

ఫోన్లో మొదటి మాట ఇది. ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. చాలాసార్లు ఆ 'ఎవరో' కాస్తా బీరువాలో పడున్న పాత ట్యాబో, పిల్లల గదిలోని స్మార్ట్ బల్బో అని తేలిపోతుంది. ఈ అమ్మాయి రెండో మాట విన్నాకే పెన్ను తీశాను. "పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చానండీ. మార్చిన రోజు పోతాడు. మర్నాటికల్లా మళ్లీ వచ్చేస్తాడు."

'వాడు'! అప్పటికే ఆ ఇంట్లో దానికి మనిషి రూపం వచ్చేసింది. పక్కింటి కుర్రాడి మీద అనుమానం కూడా మొదలైంది.

పాస్‌వర్డ్ మార్చినా ఒక డివైస్ తిరిగొస్తోందంటే మూడే దారులు. కొత్త పాస్‌వర్డ్ దానికి ఎవరో ఇస్తున్నారు. లేదా పాస్‌వర్డ్ అడగని దారి ఒకటి ఉంది: కేబుల్, డబ్ల్యూపీఎస్ బటన్, తెరిచి ఉంచిన గెస్ట్ నెట్‌వర్క్. లేదా మనం తాళం మార్చిన తలుపూ, అది వస్తున్న తలుపూ ఒకటి కావు. ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాను. ఏది నిజమో తేలడానికి ఒకటిన్నర రోజు పట్టింది. అందులో సగం నా తప్పుల వల్లే పోయింది కాబట్టే ఈ కేసు రాస్తున్నాను. ఆ ఇంటివాళ్లు రాసుకోమన్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మాత్రం తీసేశాను.

వెళ్లేలోపు రెండు పనులు చేయొద్దని చెప్పాను. ఒకటి, ఆ డివైస్‌ని బ్లాక్ చేయొద్దు. రెండు, రూటర్ ఆపి ఆన్ చేయొద్దు. రెండోదానికి కారణం తేలిక: ఇళ్లలో వాడే చాలా రూటర్లు జరిగినవన్నీ రాసుకునే చిట్టాని, అంటే లాగ్‌ని మెమరీలోనే ఉంచుకుంటాయి, కరెంటు తీస్తే అది తుడిచిపెట్టుకుపోతుంది. మొదటిదానికే అందరూ ఎదురు చెబుతారు. దొంగ ఇంట్లో ఉంటే తలుపు వేయొద్దంటారేమిటి అని. నా లెక్క వేరు. బ్లాక్ చేసిన డివైస్ మాట్లాడదు, మాట్లాడనిదాన్ని వెతకడం కష్టం. పైగా అది ఇంట్లోని పనికొచ్చే వస్తువే అయితే, నెల తర్వాత అదెందుకు పనిచేయడం లేదో ఎవరికీ అర్థం కాదు. ఇంట్లోని ఇతర యంత్రాల పోర్టులు (నెట్‌వర్క్ నుంచి లోపలికి తెరుచుకునే నంబరు తలుపులు) తడుముతున్నా, భారీగా డేటా బయటికి పంపుతున్నా ముందు గొంతు నొక్కాల్సిందే. ఇది అలాంటిది కాదని ఆ అమ్మాయి పంపిన స్క్రీన్‌షాట్లే చెప్పాయి. రోజు మొత్తానికి ఆ డివైస్ వాడింది రెండు మెగాబైట్లకు లోపే, అందులోనూ దిగుమతికన్నా ఎగుమతి ఎక్కువ. వైఫై దొంగిలించినవాడు అంత పొదుపుగా బతకడు.

17 పేర్లు, ఒక ఖాళీ

శనివారం సాయంత్రం ఏడు దాటాక వెళ్లాను. రెండు అంతస్తుల ఇల్లు, రూటర్ కింద హాల్లో. పెద్దాయన, నాకు ఫోన్ చేసిన కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు. రూటర్ పేజీలో కనెక్ట్ అయిన డివైస్‌ల పట్టిక తెరిస్తే 17 వరసలున్నాయి. అపరిచితుడు అందులో ఉన్నాడు, ఐపీ (రూటర్ ఇచ్చిన చిరునామా) కూడా ఉంది. పింగ్ కొడితే, అంటే 'ఉన్నావా' అని పలకరిస్తే, జవాబు లేదు.

"ఉన్నాడు కదండీ, పట్టికలో కనిపిస్తున్నాడు?" అంది ఆ అమ్మాయి.

కనిపిస్తున్నాడు, కానీ లేడు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. చాలా రూటర్లు చూపించే పట్టిక డీహెచ్‌సీపీ లీజుల పట్టిక, అంటే ఏ చిరునామా ఎవరికి ఎంతసేపటికి అద్దెకిచ్చామో రాసుకున్న పుస్తకం. ఆ రూటర్లో లీజు గడువు 24 గంటలు. అద్దెకున్నవాడు పొద్దున్నే వెళ్లిపోయినా మర్నాటిదాకా పుస్తకంలో పేరుంటుంది. మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో తెలియాలంటే తలుపు కొట్టాలి. అందుకు ఏఆర్‌పీ వాడాలి, అంటే 'ఈ చిరునామా ఎవరిది' అని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడగాలి. పింగ్‌కి జవాబివ్వకుండా దాక్కునే డివైస్‌లున్నాయి గానీ, ఏఆర్‌పీకి పలకకపోతే అసలు నెట్‌వర్క్‌లో బతకలేవు. నెట్‌వర్క్‌ని తడిమి చూసే ఎన్‌మ్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌ని అడ్మిన్ హక్కులతో నడిపితే సొంత నెట్‌వర్క్‌లో అది చేసేది ఇదే. కొట్టాను. 13 మంది పలికారు. అపరిచితుడు పలకలేదు.

మిగతావాటిని ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాం. టీవీ రెండు వరసల్లో ఉంది: కేబుల్‌కి ఒక మ్యాక్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు), వైఫైకి ఇంకోటి. అల్లుడి ఫోన్ కూడా రెండు వరసల్లో ఉంది, ఎందుకంటే పాస్‌వర్డ్ మారినప్పుడు నెట్‌వర్క్‌ని 'మర్చిపొమ్మని' మళ్లీ కలిపాడు, ఫోన్ కొత్త మ్యాక్ ముసుగు వేసుకుని వచ్చింది. ప్రింటర్, రెండు ల్యాప్‌టాప్‌లు, పిల్లల ట్యాబ్. ఒక వరస దగ్గర ఆ అమ్మాయి "అది మనదేనండీ, పైకి సిగ్నల్ అందించే వైఫై బూస్టర్" అంది. టిక్ పెట్టి ముందుకెళ్లాను. ఆ టిక్కు విలువ మర్నాడు మధ్యాహ్నం తెలిసింది నాకు.

చివరికి ఒక్కటే మిగిలింది. పేరు లేదు. మ్యాక్ మొదటి జత 06.

మ్యాక్ చిరునామాలో 48 బిట్లుంటాయి, రెండేసి అంకెల ఆరు జతలుగా రాస్తారు. మామూలుగా మొదటి 24 బిట్లు తయారీదారుకి ఐఈఈఈ అనే ప్రమాణాల సంస్థ కేటాయించినవి, రిజిస్ట్రీలో వెతికితే సంస్థ పేరు వస్తుంది. కానీ మొదటి జతలో రెండో అంకె 2, 6, 'A', 'E' అనే నాలుగింట్లో ఏదైనా అయితే ఆ వెతుకులాటకు అర్థం లేదు. అది ఫ్యాక్టరీలో వేసిన నంబరు కాదు, ఎవరో స్థానికంగా కల్పించుకున్నది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి ఇలా కల్పిత చిరునామా వాడటమే మామూలు. కాబట్టి 06 చూడగానే నా నోటి నుంచి వచ్చిన మాట: "ఇది ఫోనండీ."

పెద్దాయన తలాడించి పక్కింటి వైపు చూశారు. అలా చూసేలా చేసింది నేనే. 06 అంటే 'ఫోన్' అని కాదు, 'కల్పితం' అని మాత్రమే. కల్పించింది ఎవరన్న ప్రశ్న నేను వేసుకోలేదు.

పొద్దున 6:14

రాత్రి వాడు రాడని తేలింది కాబట్టి ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రూటర్‌కి తగిలించి, నెట్‌వర్క్ మీది డేటాను పట్టి చూపే వైర్‌షార్క్‌లో డీహెచ్‌సీపీని మాత్రమే పట్టమని పెట్టి వచ్చేశాను. ఇతరుల ట్రాఫిక్ మన ల్యాప్‌టాప్‌కి కనిపించదు కదా అని అడగొచ్చు. నిజమే, రూటర్ లోపలి నెట్‌వర్క్ స్విచ్ దాన్ని మన వైపు పంపదు. కానీ చిరునామా కోసం డివైస్ వేసే తొలి కేక అందరికీ వినిపించే బ్రాడ్‌కాస్ట్. దాన్ని పట్టడానికి ప్రత్యేక పరికరాలేవీ అక్కర్లేదు, ఆ సమయానికి మేలుకుని ఉంటే చాలు.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి ల్యాప్‌టాప్‌లో 6:14కి ఒక కేక ఉంది. మ్యాక్ ఎంత అబద్ధమాడినా ఈ కేకలో డివైస్ తన పుట్టుక దాచుకోలేదు. ఎందుకంటే ఇందులో 'నాకు ఫలానా ఫలానా వివరాలు కావాలి' అని అడిగే జాబితా ఉంటుంది. దాన్ని ఆప్షన్ 55 అంటారు. ఏయే నంబర్లు, ఏ వరసలో అన్నది ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కీ ఒక్కో రకంగా ఉంటుంది, మనుషుల సంతకంలాగే. ఐఫోన్ అడిగితే అందులో 119, 252 లాంటివి ఉంటాయి. ఆండ్రాయిడ్ అయితే సాధారణంగా ఆప్షన్ 60లో తన పేరూ వెర్షనూ చెప్పుకుంటుంది. విండోస్ తన గుర్తు తాను వేస్తుంది. ఈ అపరిచితుడు అడిగినవి నాలుగే: 1, 3, 28, 6. సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, బ్రాడ్‌కాస్ట్ చిరునామా, డీఎన్ఎస్. ఆప్షన్ 60 లేదు, హోస్ట్‌నేమ్ లేదు.

ఆ నాలుగంకెల జాబితా ఎల్‌డబ్ల్యూఐపీ అనే చిన్న నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌ది. కొద్దిపాటి మెమరీతో నడిచే చిప్‌లలో ఉండేది అదే. పింగ్ కొట్టాను. ప్రతి జవాబులో ఉండే టీటీఎల్ అనే అంకె 255 వచ్చింది. విండోస్ మామూలుగా 128 ఇస్తుంది, లినక్స్, ఆండ్రాయిడ్, యాపిల్ 64 ఇస్తాయి. జవాబులు కూడా నిలకడగా లేవు. ఒకటి 5 మిల్లీసెకన్లలో వస్తే ఇంకోటి 180లో. కరెంటు ఆదా చేయడానికి రేడియోని కునుకు తీయనిచ్చే చిన్న మాడ్యూల్ లక్షణం ఇది.

ఫోన్ కాదు. పక్కింటి కుర్రాడు కాదు. రాత్రి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని పెద్దాయనతో అక్కడే చెప్పాను. ఇలాంటిది నాన్చితే పక్కింటి స్నేహం పోతుంది.

ఎన్‌మ్యాప్‌తో పోర్టులన్నీ చూశాను, నెమ్మదిగానే. చిన్న డివైస్‌ల మీద వేగంగా పడితే కొన్ని బిగుసుకుపోతాయి. తెరిచి ఉన్నవి రెండు టీసీపీ పోర్టులు: 80, 8899. మొదటిది బ్రౌజర్లో తెరిస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. "అడ్మిన్, అడ్మిన్ కొట్టి చూడండి" అన్నాడు అల్లుడు. కొట్టలేదు. ఇంటి యజమాని అనుమతితో ఆ ఇంటి నెట్‌వర్క్ చూస్తున్నాను గానీ, ఆ డివైస్ ఎవరిదో ఇంకా తెలియదు. ఒకవేళ అది పక్కింటిదే అయితే నేను చేసేది చొరబాటు అవుతుంది.

8899 మాత్రం మంచి ఆధారం. సీరియల్ కేబుల్ మీద మాట్లాడే పాతకాలపు యంత్రాన్ని వైఫై మీదికి ఎక్కించే మాడ్యూల్స్‌లో ఈ పోర్టు చాలా చోట్ల కనిపిస్తుంది. అంటే ఆ చిప్ వెనకాల ఏదో యంత్రం ఉంది: మీటరో, కంట్రోలరో. రూటర్ కనెక్షన్ల పట్టికలో చూస్తే అది ఐదు నిమిషాలకోసారి బయటి సర్వర్ ఒకదాని 10000 పోర్టుకి కాస్త డేటా పంపి ఊరుకుంటోంది. ఏదో కొలిచి పంపుతోందన్నమాట.

ఏం కొలుస్తోంది, ఎక్కడ కూర్చుని?

ఎంసీబీలు దించడం

ఇంట్లో దాక్కున్న డివైస్‌ని పట్టడానికి నాకు తెలిసిన అతి మొరటు పద్ధతి, అతి నమ్మకమైన పద్ధతి కూడా ఇదే. రూటర్‌ని, ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద ఉంచి, పింగ్ నడుస్తుండగా స్విచ్‌బోర్డులో ఒక్కో ఎంసీబీ దించుతూ పోవాలి. ఏది దించితే పింగ్ ఆగిపోతుందో ఆ లైన్ మీద ఉందన్నమాట. ముందు ఇంట్లోవాళ్లని అడగాలి: వైద్య పరికరాలేమైనా నడుస్తున్నాయా, ఎవరైనా కంప్యూటర్లో పని చేసుకుంటున్నారా అని. అడిగాను. నేను తీసుకెళ్లే చిన్న యూపీఎస్ రూటర్‌కి పెట్టాను.

కింది గదులు దించాం. పింగ్ నడుస్తోంది. వంటగది. నడుస్తోంది. పై అంతస్తు దించగానే ఆగింది.

అల్లుడు చప్పట్లు కొట్టాడు. నాకూ సంతోషమే. మళ్లీ ఎత్తితే రెండు నిమిషాల్లో వాడు తిరిగొచ్చాడు. దించితే పోయాడు. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అదే. ఇక పైకెళ్లి సాకెట్లన్నీ వెతకడం మొదలుపెట్టాం. మంచాల కింద, అద్దం వెనక, ఏసీ పైన, అటక మీద. గంటన్నర. ఎక్కడా మీటర్ లేదు, కంట్రోలర్ లేదు. పిల్లలకి మాత్రం పోయిన రిమోట్ దొరికింది.

అలసిపోయి మెట్ల దగ్గర కూర్చున్నప్పుడు ఆ అమ్మాయి తన ఫోన్ చూసుకుంటూ "పైన లైన్ ఎత్తలేదా ఇంకా, నాకు నెట్ రావట్లేదు" అంది. పైన ఆమె ఫోన్‌కి నెట్ ఇచ్చేది బూస్టర్. లైన్ దించితే బూస్టర్ చస్తుంది. బూస్టర్ చస్తే దాని మీద ఆధారపడినవన్నీ మాయమవుతాయి, అవి ఎక్కడున్నా సరే. నేను పట్టుకున్నది అపరిచితుణ్ణి కాదు, అతను దాటొచ్చే వంతెనని. ముందు రాత్రి టిక్ పెట్టి వదిలేసిన వరస అది.

పట్టిక మళ్లీ తెరిచాను. బూస్టర్ సొంత మ్యాక్ మొదటి జత 04. అపరిచితుడిది 06. తర్వాతి రెండు జతలు ఇద్దరివీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. 04కి స్థానిక చిరునామా బిట్ కలిపితే వచ్చేది 06. అంటే ఆ ముసుగు కుట్టింది ఫోన్ కాదు, బూస్టర్.

బూస్టర్‌నే రిపీటర్, ఎక్స్‌టెండర్ అని కూడా అంటారు, చాలావి ఇలాగే చేస్తాయి. మామూలు వైఫై కనెక్షన్‌లో ఒక క్లయింట్ వెనక ఇంకో నలుగురు ఉంటారని రూటర్ ఒప్పుకోదు. అందుకని ఎక్స్‌టెండర్ తన దగ్గరికొచ్చిన డివైస్ మ్యాక్‌లో మొదటి సగం కొట్టేసి తన గుర్తు వేస్తుంది. చివరి మూడు జతలు అలాగే ఉంచుతుంది, జవాబులొచ్చినప్పుడు ఎవరివో తెలియాలి కదా. దీన్ని అక్కడే రుజువు చేసుకున్నాం. ఆ అమ్మాయి ఫోన్ సెట్టింగ్స్‌లో చివరి మూడు జతలు కాగితం మీద రాయించి, పైకెళ్లి బూస్టర్‌కి కనెక్ట్ అవ్వమన్నాను. రూటర్ పట్టికలో కొత్త వరస వచ్చింది: మొదట 06, చివర్లో ఆ ఫోన్ మూడు జతలే. కొన్ని ఎక్స్‌టెండర్లు డీహెచ్‌సీపీ కేక లోపల రాసిన అసలు మ్యాక్‌ని ముట్టుకోవు. ఇదీ అలాంటిదైతే పొద్దున 6:14కే అసలు పేరు చేతిలో ఉండేది. ఇది లోపలిదీ మార్చేసింది.

పాస్‌వర్డ్ ముడి కూడా ఇక్కడే విడిపోయింది. ఆ బూస్టర్ రూటర్ పేరుతో కాకుండా తన సొంత పేరుతో, సొంత పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ ఇస్తోంది. రూటర్ పాస్‌వర్డ్ మార్చిన రోజు బూస్టర్‌కి పైసంబంధం తెగేది, అపరిచితుడు పోయేవాడు. మర్నాడు పైన నెట్ రావట్లేదని ఆ అమ్మాయి బూస్టర్‌కి రూటర్ కొత్త పాస్‌వర్డ్ ఇచ్చేది. బూస్టర్ తన సొంత నెట్‌వర్క్ పాస్‌వర్డ్ మాత్రం పాతదే. వంతెన లేవగానే వాడు పాత తాళంచెవితోనే లోపలికి. "అంటే నేనే రానిస్తున్నానా!" అని నవ్వేసింది.

బూస్టర్ పేజీలోకి వెళ్తే దాని క్లయింట్ల పట్టికలో అసలు మ్యాక్ కనిపించింది. రిజిస్ట్రీలో వెతికితే ఒక వైఫై మాడ్యూల్ తయారీ సంస్థ పేరొచ్చింది. దీని దగ్గర మళ్లీ ఒక మాట. మ్యాక్‌ని బట్టి వచ్చే పేరు రేడియో ఎవరు చేశారో చెబుతుంది గానీ, ఆ రేడియో ఏ డబ్బాలో కూర్చుందో చెప్పదు. ఎస్‌ప్రెసిఫ్ (వైఫై చిప్‌లు చేసే సంస్థ) అని వచ్చిందనుకోండి, అది బల్బు కావచ్చు, ప్లగ్గు కావచ్చు, ఎవరో కుర్రాడు ఇంట్లో చేసుకున్న ప్రాజెక్టు కావచ్చు. 'ఈ పేరుతో సంస్థ ఏదీ మా ఇంట్లో లేదు' అని హడలిపోయేవాళ్లంతా డబ్బా మీద ఉండే పేరు కోసం చూస్తుంటారు. అది లోపలి చిప్ పేరు.

కరెంటు మొత్తం తీసినా

యూపీఎస్‌ని బూస్టర్‌కి మార్చి, రూటర్‌ని అల్లుడి పవర్ బ్యాంక్ మీద పెట్టాం. మళ్లీ దించడం మొదలుపెట్టాను. కింద, వంటగది, పైన. పింగ్ నడుస్తూనే ఉంది. చివరికి మెయిన్ దించాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్రిజ్ కూడా ఆగింది. ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం వరస తర్వాత వరస జవాబులు.

పెద్దాయన మొహం మారిపోయింది. "చెప్పానా బాబూ, మన ఇంట్లోది కాదు."

కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. సిగ్నల్ చూశాను. యూపీఎస్‌తో సహా బూస్టర్‌ని మోసుకుంటూ పై అంతస్తంతా తిరిగాను, అల్లుడు క్లయింట్ల పట్టికలో సిగ్నల్ అంకె చదువుతూ వచ్చాడు. మామూలుగా సిగ్నల్ వెతకాలంటే ప్రత్యేకమైన వైఫై కార్డు కావాలనుకుంటారు. యాక్సెస్ పాయింట్‌నే చేత్తో పట్టుకుని తిరిగితే చాలు, అవతలి డివైస్ దానికి అతుక్కునే ఉంటుంది. ముందు గదిలో మైనస్ 79 డీబీఎం. మధ్య గదిలో మైనస్ 70. డాబా మెట్ల దగ్గర మైనస్ 57. డీబీఎం‌లో సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం. కానీ డాబా మెట్లున్న గోడే పక్కింటి వైపు గోడ కూడా. అనుమానం తీరలేదు, ఇంకాస్త బలపడింది.

అప్పుడు రూటర్ లాగ్ తీశాను. ముందే తీయాల్సింది. ఆపి ఆన్ చేయొద్దని చెప్పిందే దాని కోసం, తీరా వచ్చాక పోర్టుల మోజులో పడి మర్చిపోయాను. 11 రోజుల లాగ్ ఉంది. పొద్దున లీజు అడిగిన టైమ్ తేదీలవారీగా ఒక కాగితం మీద, ఆ అమ్మాయి స్క్రీన్‌షాట్లని బట్టి సాయంత్రం ఆగిన టైమ్ పక్కనే రాశాను. 6:20, 6:19, 6:19, 6:18... అలా రోజుకి కాస్త కాస్త ముందుకి జరుగుతోంది. ఒక్క రోజు మాత్రం 6:51. సాయంత్రాలన్నీ ఆరుంబావు దాటాకే. ఆదివారాలకీ మిగతా రోజులకీ తేడా లేదు. మనిషైతే సెలవు రోజు కాస్త ఆలస్యంగా లేస్తాడు.

కాగితం పెద్దాయన చేతిలో పెట్టి, ఆ 6:51 రోజున ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చూసి, "ఆ రోజు పొద్దున్నే ముసురు పట్టింది" అన్నారు. ఒక క్షణం ఆగి, "ఇవి పొద్దు పొడిచే టైములు కాదూ?" అన్నారు.

కరెంటు తీసినా బతికుండేవి రెండే రకాలు: బ్యాటరీ మీద నడిచేవి, ఎండ మీద నడిచేవి. బ్యాటరీ ఉన్నది రాత్రి కూడా ఉంటుంది.

"మీకు డాబా మీద సోలార్ ఉందా అండీ?"

"ఉంది కదా, మూడేళ్లయింది" అన్నారు, అదేం ప్రశ్న అన్నట్టు. 'ఇంట్లో వైఫైతో పనిచేసేవి ఏమున్నాయి' అని మాత్రమే అడిగాను నేను. పలకలు వైఫైతో పనిచేయవు, ఆయన సరిగ్గానే జవాబిచ్చారు. నాదే ఇంకో తప్పు కూడా. మెయిన్ బోర్డు పక్కన విడిగా చిన్న పెట్టె ఒకటి చూశాను, మీటర్‌కి సంబంధించినదేమో అనుకుని వదిలేశాను. అది సోలార్ కరెంటుని ఇంటి లైన్‌కి కలిపే స్విచ్.

డాబా మెట్ల చివర, నీడన గోడకి పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ ఉంది. దాని అడుగున బొటనవేలంత లావున ఒక నల్లటి పుల్ల, మీద చిన్న ఆకుపచ్చ దీపం మిణుకుతోంది. డేటా లాగర్. ఇన్వర్టర్‌తో సీరియల్ లైన్ మీద మాట్లాడి, ఎంత కరెంటు తయారైందో ఐదు నిమిషాలకోసారి కంపెనీ సర్వర్‌కి పంపడమే దాని పని. గ్రిడ్‌కి కలిపిన ఇన్వర్టర్ బయటి కరెంటు పోగానే ఉత్పత్తి ఆపేస్తుంది, లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా ఉండాలని. కానీ ఈ ఇన్వర్టర్‌లో లోపలి ఎలక్ట్రానిక్స్‌కి కరెంటు పలకల వైపు నుంచే వస్తుంది. ఎండ ఉన్నంతసేపూ మేలుకుంటుంది, లాగర్‌ని మేలుకొలుపుతుంది. పొద్దు గుంకగానే ఇద్దరూ నిద్ర.

అయినా పుల్లని చూసి కేసు మూసేయడం నాకు ఇష్టం లేదు. దీపం మిణుకుతున్నంత మాత్రాన అదే ఇది అని కాదు. ఈ రకం లాగర్లకి యూడీపీ 48899 పోర్టులో ఒక నిర్ణీత వాక్యం పంపితే మర్యాదగా మూడు ముక్కల్లో జవాబిస్తాయి: ఐపీ, మ్యాక్, సీరియల్ నంబరు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, లోపల దేన్నీ మార్చదు. ల్యాప్‌టాప్ నుంచి పంపాను. పది అంకెల నంబరొచ్చింది. పెద్దాయన వంగి, స్టిక్కర్ మీద అంకెలు ఒక్కొక్కటే చదువుతుంటే నేను తెర మీద వేలు పెట్టుకుంటూ వచ్చాను. ఏడో అంకె దగ్గర ఆయన తడబడ్డారు, ఎండకి సిరా వెలిసిపోయింది. ఫోన్ టార్చ్ వేసి మళ్లీ చదివారు. పదికి పదీ కలిశాయి.

ఆ మధ్యాహ్నం చేసిన మార్పులు

బిగించిన రోజు ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. డాబా దాకా రూటర్ సిగ్నల్ రాలేదు, బిగించినవాళ్లు బూస్టర్ నెట్‌వర్క్‌కి కలిపి వెళ్లిపోయారు. మొదటి రెండు నెలలు అల్లుడు యాప్‌లో యూనిట్లు చూసుకుని మురిసిపోయాడట, తర్వాత ఫోన్ మార్చినప్పుడు యాప్ పోయింది. రూటర్ యాప్ 'కొత్త డివైస్' అని అరవడం మొదలుపెట్టింది మాత్రం ఈమధ్య రూటర్ మార్చాకే. కొత్త రూటర్‌కి అందరూ కొత్తవాళ్లే.

దొంగ దొరకలేదు గానీ, తలుపులు మాత్రం నిజంగానే తెరిచి ఉన్నాయి. ఫోన్‌లో చుట్టుపక్కల వైఫై నెట్‌వర్క్‌లు చూస్తే లాగర్ తన సొంత పేరుతో ఒక నెట్‌వర్క్ ప్రసారం చేస్తోంది, ఆ పేరులోనే సీరియల్ నంబరు. సెటప్ కోసం ఇచ్చిన దారి అది, మూడేళ్లుగా మూయలేదు. ఇప్పుడు యజమాని ఎవరో తెలుసు కాబట్టి, పెద్దాయన ముందే, ఆయన చేతే అడ్మిన్, అడ్మిన్ కొట్టించాను. తెరుచుకుంది. లోపల బూస్టర్ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ చుక్కలు కూడా లేకుండా కనిపిస్తోంది. అంటే వీధిలో నిలబడ్డ ఎవరైనా ఆ దారిన లోపలికొచ్చి ఇంటి తాళంచెవి తీసుకుపోవచ్చు. వాళ్లు భయపడిన దానికన్నా ఇదే పెద్ద సంగతి. లాగ్‌లో అలాంటి జాడ ఏదీ కనిపించలేదు.

లాగర్ సొంత నెట్‌వర్క్‌కి పొడుగాటి పాస్‌వర్డ్, అడ్మిన్ పేజీకి ఇంకోటి. బూస్టర్ పాత పాస్‌వర్డ్ తీసేశాం. లాగర్‌ని బూస్టర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కి మార్చాం. దానికి బయటి సర్వర్ తప్ప ఇంట్లో ఎవరితోనూ పనిలేదు, కాబట్టి ల్యాప్‌టాప్‌లూ ప్రింటరూ కనిపించని చోట ఉండటమే మంచిది. రూటర్ పట్టికలో ప్రతి వరసకీ పేరు పెట్టించాను. 06తో మొదలయ్యేవాటి పక్కన 'బూస్టర్ మీదుగా' అని రాసిపెట్టాం. ఈ పేర్లు పెట్టే పని అరగంట కూడా పట్టదు, కానీ ఎవరూ చేయరు. నేను మా ఇంట్లో చేయడానికే రెండేళ్లు పట్టింది.

సాయంత్రం దాకా ఉండమన్నారు. నాకూ ఒక్కటి చూడాలనే ఉంది. హాల్లో ల్యాప్‌టాప్ తెరిచి కొత్త ఐపీకి పింగ్ పెట్టాను. గెస్ట్ నెట్‌వర్క్‌లోకి చూసే వీలు కోసం కాసేపు నా ల్యాప్‌టాప్‌ని కూడా అందులోనే పెట్టి, ఒకరినొకరు చూడనివ్వని సెట్టింగ్‌ని ఆపి ఉంచాను. పిల్లలు కూడా వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆరుంబావు దాటింది. జవాబులు వస్తున్నాయి. 6:22 తర్వాత ఒకటి రాలేదు, తర్వాతది వచ్చింది, ఆపైన మళ్లీ ఏదీ రాలేదు.

"వెళ్లిపోయాడు" అన్నారు పెద్దాయన, కిటికీలోంచి చూస్తూ. నేను ఆ సెట్టింగ్ తిరిగి ఆన్ చేసి ల్యాప్‌టాప్ మూసేశాను.